గడప దాటిన పని: నోట్‌బుక్కుల ప్రాజెక్టు డైరీ

మొదలుపెట్టే ముందు ఒక మాట. పగలు ఉద్యోగం ఉంది, అది మానను. సాయంత్రాలు చేత్తో కుట్టిన నోట్‌బుక్కులు తయారుచేసి అమ్మాలని ఆలోచన. ఇలాంటివి ఇంతకుముందు రెండు మొదలుపెట్టాను. ఒకటి పదిహేను రోజులు నడిచింది, రెండోది తొమ్మిది. రెండిట్లోనూ మొదటి ఆదివారం ఒళ్ళు మరిచి ఏడెనిమిది గంటలు పనిచేశాను, తర్వాత ఆ సామాను వంక చూడాలంటేనే బద్ధకం వేసింది. ఆరంభశూరత్వంలో నాకు సర్టిఫికెట్ ఇవ్వొచ్చు. అందుకే ఈసారి రూలు తిరగేశాను. రోజుకి అరగంట, ఒకటే పని. ఆ పనేంటో ముందురోజు రాత్రే చీటీ మీద రాసి టేబుల్ మీద పెట్టాలి. చేశాక గోడ క్యాలెండర్లో నీలం పెన్సిల్‌తో టిక్కు. ఎంత ఊపు మీదున్నా అరగంటకి లేచిపోవాలి.

1వ రోజు

చీటీలో ఉన్నది: "కాగితాలు మడతపెట్టు."

సైజు A5 అనుకున్నాను, అంటే 148 × 210 మిల్లీమీటర్లు. A4 కాగితాన్ని సగానికి మడిస్తే సరిగ్గా అదే. అయిదు కాగితాలు ఒకదానిలో ఒకటి పెట్టి మడిస్తే ఒక కట్ట. బైండింగువాళ్ళు దీన్ని ఫారం అంటారు. ఒక ఫారానికి పది ఆకులు, ఇరవై పేజీలు. ఎనిమిది ఫారాలు కలిపి కుడితే 160 పేజీల పుస్తకం.

మడత గీటు పడటానికి చెంచా వెనకవైపుతో నొక్కాను. నాలుగు ఫారాలు అయ్యేసరికి అలారం మోగింది. మిగతా నాలుగూ కూడా కానిచ్చేద్దామని చెయ్యి లాగింది. లేచిపోయాను. ఇవాళ్టికి ఇదే కష్టమైన పని.

2వ రోజు

మిగతా నాలుగు ఫారాలు. కన్నాలు ఎక్కడ పొడవాలో అట్టముక్క మీద అయిదు గుర్తులు పెట్టుకున్నాను.

3వ రోజు

దబ్బనంతో కన్నాలు. ఎనిమిది ఫారాలు, ఒక్కోదానికి అయిదు, మొత్తం నలభై. ఒక ఫారం తిరగబడి ఉండగా పొడిచాను. పారేసి మళ్ళీ మడిచాను.

5వ రోజు

కుట్టు మొదలైంది. దారానికి మైనం పట్టించాలి. మైనం ముక్క మీద బొటనవేలితో నొక్కిపెట్టి దారాన్ని రెండుమూడుసార్లు లాగితే చాలు, ముడి జారదు, దారం పురి విడదు. కొసల్లో వచ్చేది కెటిల్ కుట్టు: సూదిని కింది ఫారానికీ దాని కిందిదానికీ మధ్య దూర్చి, ఏర్పడిన ఉచ్చులోంచి పైకి లాగాలి. దారాన్ని వెన్నుకి, అంటే ఫారాల మడతలు కలిసే అంచుకి, సమాంతరంగా, కుట్టు వెళ్తున్న వైపే లాగాలి. పైకి లాగితే కాగితం చిరుగుతుంది. ఈ సంగతి రెండు ఫారాలు చిరిగాక తెలిసింది.

అరగంటకి మూడు ఫారాలే అయ్యాయి. సూదిలో దారం అలాగే ఉంచి, పుస్తకం సగం కుట్టుతో టేబుల్ మీద వదిలేశాను. సర్దిపెట్టలేదు. రేపు వచ్చి కూర్చుంటే సూది చేతికి తగలాలి, అంతే.

7వ రోజు

మొదటి నోట్‌బుక్ పూర్తయింది. టైమ్ రాసుకుంటూ వచ్చాను కాబట్టి లెక్క ఉంది: 190 నిమిషాలు. అట్టలు అంటించి బరువు కింద పెట్టి పడుకున్నాను.

8వ రోజు

పొద్దున్నే తీసి తెరిచాను. తెరిచిన పుస్తకం తెరిచినట్టు ఉండదు. చెయ్యి తీయగానే పేజీలు ముళ్ళపందిలా లేచి నిలబడుతున్నాయి. వెన్ను దగ్గర కాగితం అలలు అలలుగా ఉంది. కుట్టు తప్పేమో అనుకున్నాను, కాదు. ఇవాళ్టి అరగంటా దీని వెనకే పోయింది, కానీ ఈ వారంలో నాకు బాగా పనికొచ్చిన అరగంట ఇదే.

కాగితానికి వాటం ఉంటుంది. తయారయ్యేటప్పుడు మెషీన్ నడిచే దిక్కులోకి పీచు ఎక్కువగా సర్దుకుంటుంది. ఆ వాటం వెంట కాగితం తేలిగ్గా వంగుతుంది, తిన్నగా చిరుగుతుంది. అడ్డంగా మడిస్తే మొండికేస్తుంది. పైగా తడి తగిలితే పీచు పొడవుకన్నా వెడల్పుకే ఎక్కువ ఉబ్బుతుంది. పుస్తకంలో వాటం ఎప్పుడూ వెన్నుకి సమాంతరంగా ఉండాలి. మామూలు ప్రింటర్ A4లో వాటం సాధారణంగా పొడుగువైపు, అంటే 297 మిల్లీమీటర్ల వైపు ఉంటుంది. దాన్ని సగానికి మడిస్తే వెన్ను 210 వైపు వస్తుంది. అంటే నేను ఎనిమిది ఫారాలూ వాటానికి అడ్డంగా మడిచి, పైన తడి జిగురు కూడా పూశాను.

దీనికి మందు సులువే. పొడుగువైపు వాటం ఉన్న A3 తెచ్చుకుని సగానికి కోస్తే A4 వస్తుంది, కానీ దాని వాటం పొట్టివైపు ఉంటుంది. అప్పుడు మడిస్తే వెన్నూ వాటమూ ఒకే దిక్కు. చాలా ఏళ్ళుగా కాగితాలు మడుస్తున్నాను, ఒక్కసారీ ఇది గమనించలేదు.

9వ రోజు

A3 కాగితం కోత. స్టీలు స్కేలు, కొత్త బ్లేడు. ఏ విశేషమూ లేదు.

11వ రోజు

చీటీలు రాసే పద్ధతి మార్చాను. "కుట్టు పని" అని రాస్తే ఇంటికొచ్చాక ఏం చేయాలో మళ్ళీ ఆలోచించాల్సి వస్తోంది, ఆలోచించడం మొదలైతే ఫోన్ చేతిలోకి వస్తోంది. ఇప్పుడు ఇలా రాస్తున్నాను: "బూట్లు విప్పగానే టేబుల్ దగ్గర కూర్చుని, నాలుగో ఫారం నుంచి కుట్టు." మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1990ల్లోనే చెప్పిన సంగతి ఇది. "చేస్తాను" అనుకోవడం కంటే "ఫలానాది జరిగినప్పుడు ఫలానాది చేస్తాను" అని ముడిపెట్టుకుంటే పని జరిగే అవకాశం ఎక్కువ. నాకు బూట్లు కుదిరాయి. టైమ్ పెట్టుకుంటే కుదరలేదు, నేను ఇల్లు చేరే టైమ్ ఏ రోజూ ఒకటి కాదు.

12 నుంచి 16

కుట్టు. కుట్టు. పేరు ఆలోచన. కుట్టు. పేరు ఆలోచన.

17వ రోజు

ఆఫీసులో చీవాట్లు, తలనొప్పి. చీటీలో "రెండో పుస్తకానికి అట్టలు" అని ఉంది. కూర్చోబుద్ధి కాలేదు.

అప్పుడు ఇంకో రూలు చేర్చాను, దానికి "చెడ్డరోజు కొలత" అని పేరు పెట్టాను. అరగంట కుదరకపోతే ఒకే ఒక్క ఫారం మడవాలి. అయిదు కాగితాలు, రెండు నిమిషాలు. మడిచాను. తలనొప్పి తగ్గలేదు గాని టిక్కు పడింది. మడిచిన ఫారం పక్కన పెట్టినప్పుడు, రేపు పని ఎక్కడ మొదలుపెట్టాలో కళ్ళెదురుగా ఉంది.

ఈ విషయం మీద ఒక పెద్ద పరిశోధన ఉంది. తెరెసా అమాబిలె, స్టీవెన్ క్రేమర్ అనే ఇద్దరు 7 కంపెనీల్లో 238 మంది చేత రోజూ డైరీ రాయించారు. దాదాపు 12,000 ఎంట్రీలు పోగయ్యాయి. మనిషికి ఆ రోజు బాగా గడిచిందనిపించడానికి అన్నిటికంటే ఎక్కువసార్లు కనిపించిన కారణం, తనకు ముఖ్యమనిపించే పని ఎంతో కొంత ముందుకు జరగడం. చిన్న అడుగైనా లెక్కలోకి వచ్చింది. దాంతోపాటు వాళ్ళు చూసిన ఇంకో సంగతి జనం తక్కువగా చెప్పుకుంటారు: పని వెనక్కి పోయిన రోజు దెబ్బ, ముందుకు పోయిన రోజు సంతోషం కంటే గట్టిగా తగులుతుంది. ఎనిమిదో రోజు పొద్దున ముళ్ళపందిని చూసినప్పుడు నాకు అర్థమైనట్టే.

23వ రోజు

మూడు రోజులు ఖాళీ. 20, 21, 22. జ్వరం ఒక రోజే. మిగతా రెండూ "ఎలాగూ తప్పింది కదా" ఖాతా. క్యాలెండర్లో మూడు తెల్లగళ్ళు పళ్ళూడిన నోరులా ఉన్నాయి.

21 రోజులు చేస్తే అలవాటైపోతుందని అందరూ అంటారు. ఆ మాటకి మూలం 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ రాసిన పరిశీలన. మారిన మొహానికో, పోయిన కాలికో మనసు సర్దుకోవడానికి కనీసం 21 రోజులు పడుతుందని ఆయన గమనించాడు. "కనీసం" అన్నది దారిలో ఎక్కడో రాలిపోయింది. లండన్ యూనివర్సిటీ కాలేజ్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మంది మీద చూసినప్పుడు మధ్యస్థంగా 66 రోజులు వచ్చింది, కొందరికి 18, కొందరికి 254 దాకా అంచనా. మధ్యలో ఒక రోజు తప్పితే పెద్దగా తేడా పడలేదని కూడా తేలింది. వాళ్ళు చూసింది మంచినీళ్ళు తాగడం, నడక లాంటి అలవాట్లని, వ్యాపారాన్ని కాదు. నావి మూడు రోజులు. అయినా ఆ మాట పట్టుకునే ఇవాళ కూర్చున్నాను. తప్పిన రోజులకి పరిహారంగా రెండు గంటలు చేద్దామనిపించింది, చేయలేదు. పాత ప్రాజెక్టులు రెండూ చచ్చింది ఈ పరిహారాల దగ్గరే.

29వ రోజు

లోగో. బాగా కుదిరింది.

30వ రోజు

లోగోకి రంగు. నిన్నటిది అంత బాలేదు.

38వ రోజు

ఈ రోజు గురించి కొంచెం ఎక్కువ రాయాలి.

అక్క వచ్చింది. టేబుల్ మీద పుస్తకాలు చూసి సంతోషించింది, ఒకటి తీసి వాసన కూడా చూసింది. తర్వాత క్యాలెండర్ దగ్గర నిలబడింది.

"ఏరా, ఇన్ని టిక్కులున్నాయి! ఎన్ని అమ్ముడయ్యాయి?"

"ఇంకా అమ్మకానికి పెట్టలేదక్కా. ముందు అన్నీ రెడీ చేసుకుంటున్నా."

"అన్నీ అంటే?"

లోగో కాగితాలు చూపించాను. పదకొండు రకాలున్నాయి. పక్కనే పేర్ల లిస్టు, దాంట్లో కొట్టివేతలు. అక్క కాసేపు చూసి, "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం," అని నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు. టీవీ గురించి మాట మార్చాను.

తను వెళ్ళాక డైరీ ముందేసుకుని లెక్కపెట్టాను. 38 రోజుల్లో 33 టిక్కులు. వాటిలో 19 పుస్తకం తయారీ. మిగతా 14లో పేరు అయిదు రోజులు, లోగో నాలుగు, లేబుల్ మూడు, "వ్యాపారం ఎలా చేయాలి" అని చదవడం రెండు. ఇంకొకరితో మాట్లాడింది సున్నా. మూడు నోట్‌బుక్కులు పూర్తయి అల్మారాలో ఉన్నాయి, నాలుగోది సూది మీద ఉంది. ఇవి అమ్ముతున్నానని ఈ గది బయట అక్కకి తప్ప మనిషికి తెలీదు.

టిక్కులు అబద్ధం కాదు. ప్రతిరోజూ నిజంగా కూర్చున్నాను, నిజంగా పనిచేశాను. కానీ అరగంటలో అయ్యే పనులు వంద ఉన్నప్పుడు చెయ్యి తనంతట తను భయంలేని పనినే ఎంచుకుంటోంది. లోగో ఎవరూ వద్దనరు. నాకు కావాల్సింది రోజూ చేసే అలవాటు అనుకున్నాను, అది వచ్చింది. ఏం చేస్తున్నానన్నది ఎవరూ అడగలేదు, అక్క అడిగేదాకా.

39వ రోజు

ఎర్ర పెన్సిల్ కొన్నాను. ఇకనుంచి గదిలో చేసిన పనికి నీలం టిక్కు. గడప దాటిన పనికి, అంటే కొనే అవకాశమున్న మనిషిని చేరిన పనికి, ఎర్ర టిక్కు. ఎర్రది చిన్నదైనా సరే, అయిదు నిమిషాలదైనా సరే. వారానికి మూడుకి తగ్గకూడదు. పేరు, లోగో పనులకి టిక్కు రద్దు.

మొదటి ఎర్ర చీటీ: "మేడంకి ఫొటో పంపి, అమ్ముతున్నానని చెప్పు." పాత ఆఫీసులో మా సీనియర్ ఆవిడ. ఇంకు పెన్నుతోనే రాస్తుంది, నోట్‌బుక్కులంటే ప్రాణం.

ఫొటో తీయడం రెండు నిమిషాలు. మెసేజ్ ఇలా మొదలైంది: "మేడం, బాగున్నారా? ఊరికే ఏదో సరదాగా చేస్తున్నాను." చెరిపేశాను. "మీకు టైమ్ ఉంటే, ఇబ్బంది లేకపోతే, ఒకసారి" అని రాసి అదీ చెరిపేశాను. "ఊరికే", "సరదాగా", "ఇబ్బంది లేకపోతే" అన్నవి వద్దనిపించుకోవడానికి నేను ముందే తెరిచిపెట్టిన తలుపులు. చివరికి పంపింది: "మేడం, చేత్తో కుట్టిన నోట్‌బుక్కులు తయారుచేసి అమ్ముతున్నాను. ఫొటో పెడుతున్నాను. మీకు ఒకటి కావాలేమో అడుగుదామని." పంపి ఫోన్ బోర్లించి పక్కగదిలో పెట్టేశాను. ఇరవై ఎనిమిది నిమిషాలు పట్టింది. నలభై కన్నాలు పొడవడానికి కూడా అంత పట్టదు.

40వ రోజు

జవాబు లేదు. టెన్షన్. ఒక ఫారం మడిచాను.

41వ రోజు

"చూడ్డానికి చాలా బాగుంది బాబూ. రేటెంత?"

రేటెంత! 33 టిక్కులు పెట్టినవాడికి రేటు తెలీదు.

42వ రోజు

రేటు లెక్క. దీన్ని ఇన్నాళ్ళూ ఎందుకు పక్కన పెట్టానో కూర్చోగానే అర్థమైంది. కాగితం, దారం, అట్ట, గుడ్డ, జిగురు కలిపితే వచ్చిన అంకె చూసి దాని మీద ఇంకో సగం వేస్తే సరిపోతుందనుకున్నాను. అలా అయితే నా గంటకి విలువ దాదాపు సున్నా అని నేనే రాసిచ్చినట్టు. ఉద్యోగంలో నా గంటకి వచ్చేదాంట్లో సగం వేసుకున్నా, సరుకు ఒక వంతైతే నా టైమ్ మూడు వంతులు అవుతోంది.

ఇప్పుడు ఒక్కో పుస్తకానికి రెండు గంటల పైనే పడుతోంది. అంతా కొనేవాళ్ళ మీద వేస్తే ఎవరూ కొనరు, అది న్యాయమూ కాదు. నా చేతకానితనానికి వాళ్ళెందుకు కట్టాలి? 90 నిమిషాలకి దించగలనన్న నమ్మకంతో 90 మీదే లెక్క కట్టాను. పైన పట్టే టైమ్ నా చదువు ఖర్చు. పది పుస్తకాలకి ఒకటి పాడవుతుందని ఇంకో పదోవంతు కలిపాను. వచ్చిన రేటు చెప్పడానికి నోరు రాలేదు, టైప్ చేసి పంపాను. ఎర్ర టిక్కు.

47వ రోజు

మేడం కొంది. డబ్బు చేతికొచ్చింది. బేరం ఆడలేదు. ఇంకా తక్కువ చెప్పి ఉంటే ఎంత పోయేదో అని మనసులో ఒక మూల వెధవ లెక్క మొదలైంది, ఆపేశాను.

52వ రోజు

మేడం ఫోన్. "బాబూ, ఏమీ అనుకోకు. పుస్తకం ముద్దొస్తోంది గాని, ఇంకు వెనక్కి దిగిపోతోంది. రెండోవైపు రాయడానికి లేదు."

160 పేజీల పుస్తకం అని చెప్పి 80 పేజీలది అమ్మినట్టు. డబ్బు వెనక్కి ఇస్తానన్నాను, వద్దంది. కొత్తది చేసి ఇస్తానంటే ఒప్పుకుంది. ఇది ఎర్ర టిక్కా నీలం టిక్కా అని కాసేపు ఆలోచించాను. గడప అటునుంచి ఇటు దాటింది కాబట్టి ఎర్రదే వేశాను.

53వ రోజు

రకరకాల కాగితాల శాంపిళ్ళు తెచ్చి, అన్నిటిమీదా అదే పెన్ను, అదే ఇంకు, అదే వాక్యం. పది నిమిషాలు ఆరనిచ్చి తిప్పి చూశాను. 80 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకి 80 గ్రాములు తూగే కాగితాలు రెండిట్లో ఒకటి దిగిపోయింది, ఒకటి ఆగింది. 100 జీఎస్ఎంలో కూడా ఒకటి దిగింది! మందం ఒక్కటే కాదన్నమాట. ఇంకు పీల్చకుండా కాగితానికి తయారీలోనే సైజింగ్ అనే పూత లాంటిది పట్టిస్తారు, అసలు గుట్టు అందులో ఉంది. దాన్ని కంటితో చూసి చెప్పలేం, రాసి చూడాల్సిందే.

పనిలో పని బరువు లెక్క కూడా వేశాను.  A4 చదరపు మీటరులో పదహారో వంతు. కాబట్టి 80 జీఎస్ఎం కాగితం ఒక్కోటి 5 గ్రాములు, నా పుస్తకానికి నలభై, అంటే 200 గ్రాములు. 100కి మారితే 250. సంచిలో పెట్టుకునేవాళ్ళకి ఈ 50 గ్రాములు తెలుస్తాయేమో అడగాలి. అడగాలి అని రాసుకోవడం అలవాటైంది, సంతోషం.

59వ రోజు

ఈ మధ్య ఆదివారాలు గంట కూర్చుంటున్నాను, అదీ అలారం పెట్టుకునే. ఎనిమిదో పుస్తకం అయింది. మొదటిది 190 నిమిషాలు, రెండోది 160, నాలుగోది 130, ఎనిమిదోది 105. ఈ అంకెలు చూస్తుంటే ఎక్కడో చదివిన సంగతి గుర్తొచ్చింది. 1936లో టి. పి. రైట్ అనే ఇంజనీరు విమానాల తయారీ లెక్కలు చూసి, చేసిన మొత్తం సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ ఒక్కోదానికి పట్టే శ్రమ దాదాపు 20 శాతం తగ్గుతోందని చూపించాడు. ఆ లెక్కన నాకు 152, 122, 97 రావాలి. విమానాల వాళ్ళకంటే కొంచెం మందకొడిని, కానీ గీత అదే దిక్కు.

ఇందులో నాకు నచ్చింది "రెట్టింపు" అన్న మాట. ఒకటి నుంచి రెండుకి రెట్టింపు కావడానికి ఒక్క పుస్తకం చాలు. ఎనిమిది నుంచి పదహారుకి ఎనిమిది కావాలి. మొదట్లో రోజురోజుకీ చెయ్యి తిరుగుతున్నట్టు కనిపిస్తుంది, తర్వాత వారాల తరబడి ఏమీ మారనట్టు ఉంటుంది. నా పాత ప్రాజెక్టుల్లోనూ ఊపు ఇలాగే తగ్గింది. నేను చల్లారిపోయాననుకున్నాను. గీత చదునవుతోందని నాకెవరూ చెప్పలేదు.

60వ రోజు

మేడం చిన్న రైటింగ్ క్లాసు నడుపుతుంది. పన్నెండు మంది. కొత్త కాగితంతో పన్నెండు పుస్తకాలు, మూడు వారాల్లో కావాలంది.

ఎగిరి గంతేసి "తప్పకుండా మేడం" అనబోయి, రేపు చెప్తానన్నాను. డైరీ తీశాను. ఒక్కోటి సగటున 90 నిమిషాలనుకున్నా పన్నెండుకి 1,080 నిమిషాలు. రోజుకి అరగంట చొప్పున మూడు వారాలకి 630. ఏడు పుస్తకాలు. రోజూ చిన్న అడుగు వేస్తే కొండ ఎక్కేస్తామని చెప్పేవాళ్ళు గడువు సంగతి చెప్పరు. రోజుకి గంట చేస్తే పన్నెండూ అవుతాయి, ఆ తర్వాత నేను సూది పట్టుకోనని కూడా నాకు తెలుసు.

61వ రోజు

"మేడం, మూడు వారాలకి ఎనిమిది ఇవ్వగలను. మిగతా నాలుగు ఇంకో పది రోజులకి." గొంతు కాస్త వణికింది. ఆవిడ "సరే బాబూ, అందరూ ఒకేరోజు చేరరులే" అంది. అంత టెన్షన్ పడింది ఈ ఒక్క వాక్యానికా! అరగంటని నలభై నిమిషాలు చేశాను, ఒక పుస్తకం పాడైనా ఇబ్బంది లేకుండా.

62 నుంచి 65

నాలుగేసి పుస్తకాలు కలిపి చేస్తున్నాను. ఒక రోజు అన్నిటికీ మడతలు, ఒక రోజు అన్నిటికీ కన్నాలు. సామాను తీయడం, సర్దడం ఒక్కసారే. ఒక్కోదానికి పది నిమిషాలు మిగులుతోంది.

66వ రోజు

66. ఏమీ జరగలేదు. బూట్లు విప్పాను, కూర్చున్నాను, కుట్టాను.

74వ రోజు

నాలుగు అట్టలు విల్లులా వంగిపోయాయి. తొందరలో బయటివైపు గుడ్డ అంటించి, లోపలివైపు కాగితం రేపు అంటిద్దామని వదిలేశాను. జిగురు తడికి గుడ్డ సాగి, ఆరేటప్పుడు ముడుచుకుంటూ అట్టని తనవైపు లాక్కుంటుంది. లోపలివైపు కూడా కాగితం అంటిస్తే అది ఇటు లాగుతుంది, అట్ట తిన్నగా నిలబడుతుంది. మామూలుగా ఆ పని వెంటనే చేస్తాను. నలభై నిమిషాలు అయిపోయాయని లేచిపోయాను.

నా రూలే నన్ను దెబ్బకొట్టింది. ఎక్కడ ఆపాలో గడియారం చెప్తే చాలదు, జిగురుని కూడా అడగాలి. రెండు అట్టలు కుదురుకున్నాయి, రెండు పారేశాను. ఇకనుంచి చీటీ మీద "ఇక్కడ ఆపొచ్చు" అని గుర్తు పెడతాను. సగం కుట్టు దగ్గర ఆపొచ్చు, సగం జిగురు దగ్గర ఆపకూడదు.

81వ రోజు

ఎనిమిది ఇచ్చాను. మేడం ఒకటి తెరిచి టేబుల్ మీద పెట్టి చెయ్యి తీసేసింది. పుస్తకం తెరిచినట్టే పడుంది. ఆవిడ దాన్ని గమనించలేదు, వేరే ఏదో మాట్లాడుతోంది. నేను మాత్రం దాన్నే చూస్తూ నిలబడ్డాను.

83వ రోజు

కూర్చోబుద్ధి కావట్లేదు. గడువు పోయాక ఇలా అవుతుందనుకోలేదు. ఇంకా నాలుగు ఉన్నాయి. ఒక ఫారం.

84వ రోజు

ఒక ఫారం.

85వ రోజు

ఒక ఫారం మడిచి, అలాగే మిగతావీ మడిచేశాను.

91వ రోజు

మిగతా నాలుగూ చేరాయి. మేడం డబ్బిచ్చి, "నీ పేరేదో లేబుల్ మీద వేసుకోవచ్చుగా బాబూ" అంది. ఇంటికొచ్చాక అక్కకి ఫోన్ చేసి ఈ మాట చెప్పాను. "ఇప్పుడు పెట్టుకోరా సోమలింగం అని," అంది.

92వ రోజు

క్యాలెండర్ లెక్క: 39వ రోజు నుంచి ఇవాళ్టిదాకా నీలం 34, ఎర్రవి 17, తెల్లగళ్ళు 3. ఎర్రవాటిలో ఏడు జవాబే రానివి, మూడు "ఇప్పుడొద్దు"లు. వారానికి మూడు అనుకున్నది మూడు వారాలు తప్పింది. ఆ మూడూ ఆర్డర్ చేతిలో ఉన్న వారాలే. పని దొరికితే మళ్ళీ గదిలోనే ఉండిపోతున్నాను. దీనికేం చేయాలో ఇంకా తోచలేదు. ప్రస్తుతానికి ఎర్ర చీటీలు సోమవారం మూడూ ఒకేసారి రాసిపెడుతున్నాను.

అల్మారాలో ఒకటే మిగిలింది, ఆ ముళ్ళపంది. దాంట్లోనే ఈ డైరీ రాస్తున్నాను. చెయ్యి బరువు పెట్టి పట్టుకుంటే గాని పేజీ నిలవదు.

రేపటి చీటీ, ఎర్రది: "బూట్లు విప్పకముందే, మేడం క్లాసులో ఎడమచేత్తో రాసే ఆవిడకి ఫోన్ చేసి, వెన్ను చేతికి అడ్డం వస్తోందా అని అడుగు."